పసుపు త్రికోణాల ముఠా

"ఈ లోకంలో నేరాలు రెండే రకాలు చెల్లాయ్! నేను ఛేదించినవీ, నా దాకా రానివీ!"

ఒక కాలి చెప్పు ఇంకా విప్పకుండానే గుమ్మంలో నిలబడి అన్నయ్య ఈ ప్రకటన చేశాడు. మూడో రకం కూడా ఒకటుంది, ఆయన స్వయంగా చేసినవి. ఆ సంగతి చెల్లెలికి బాగా తెలుసు. కానీ పైకి అనలేదు. అన్నయ్యకి ఎదురు చెప్పడం ఆవిడకి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేతకాలేదు.

అన్నయ్య పొద్దంతా కుర్చీల దుకాణంలో గుమాస్తా, మిగతా టైమంతా డిటెక్టివ్. జేబులో ఎప్పుడూ భూతద్దం ఉంటుంది కాబట్టి వీధి వీధంతా ఆయన్ని 'భూతద్దం' అనే పిలుస్తుంది. ఆయన దాన్ని బిరుదు అనుకుంటాడు. ఇంతవరకూ ఆయన పట్టుకున్నది ఒకే ఒక్క దొంగని. అతను కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన మనిషని తరవాత తేలింది.

"ఇప్పుడు నేరమేమిటో చెప్పు. ఒక్క వివరం కూడా దాచకు."

"దాచడానికేముంది అన్నయ్యా? లాప్‌టాప్ కాస్త నెమ్మదిగా నడుస్తోందన్నాను. నిన్న నువ్వొచ్చి, లోపల గూఢచారులు చేరారని చెప్పి, అంతా తుడిచేసి ఆపరేటింగ్ సిస్టమ్ మళ్ళీ కొత్తగా వేశావు. ఇప్పుడు శబ్దం లేదు, కెమెరా లేదు, వైఫై లేదు. అక్షరాలు చూడు, ఒక్కోటి గుమ్మడికాయంత!"

"అంటే నిన్న నేను వెళ్ళాక ఎవరో వచ్చారన్నమాట."

"ఎవరూ రాలేదు."

"వచ్చినట్టే తెలియకుండా వచ్చాడంటే వాడు సామాన్యుడు కాదు!"

చెల్లెలు గోడ గడియారం వంక చూసింది. నాలుగింటికి ఆవిడ ఇంటర్నెట్‌లో పాఠాలు చెప్పే బడి వాళ్ళకి నమూనా పాఠం చెప్పాలి. లెక్కల టీచరు ఉద్యోగం. లాప్‌టాప్ మీదే చెప్పాలి, ఫోన్ కుదరదని ముందే అన్నారు. ఇంతకు ముందు రెండు చోట్ల, 'పాఠం బాగుందమ్మా, కానీ గొంతు మరీ మెత్తన, పిల్లలు నెత్తికెక్కుతారు' అని పంపేశారు. పిల్లల దాకా ఎందుకు, అన్నయ్య ఎక్కి కూర్చుని ఎన్నేళ్ళయిందో! ఈ ఉద్యోగం కూడా పోతే మళ్ళీ ఎక్కడా అడిగే ధైర్యం తనకుండదని ఆవిడకి తెలుసు.

"రిపేరు షాపుకి ఫోన్ చేశాను. డ్రైవర్లు పోయాయట. అంటే కెమెరా, స్పీకరు లాంటివాటిని నడిపించే చిన్న ప్రోగ్రాములట. పాత లాప్‌టాప్ కదా, మళ్ళీ ఇంటర్నెట్‌లోంచి దించుకోవాలట."

"దించుకో మరి!"

"ఇంటర్నెట్ రావాలంటే వైఫై డ్రైవర్ ఉండాలి. ఆ డ్రైవర్ కావాలంటే ఇంటర్నెట్ ఉండాలి."

పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు. ఇదీ వ్యవహారం. కానీ అన్నయ్య వింటేగా! అప్పటికే భూతద్దం స్క్రీన్‌కి ఆనించేశాడు. లాప్‌టాప్ సామాన్ల జాబితాలో, పనిచెయ్యని ప్రతిదాని పక్కనా ఓ చిన్న పసుపు త్రికోణం, దాంట్లో ఆశ్చర్యార్థకం.

"ముఠా గుర్తు!" అన్నాడు గొంతు తగ్గించి. "పసుపు త్రికోణాల ముఠా! దోచిన ప్రతిచోటా సంతకం పెట్టి మరీ పోయారు. ఎంత పొగరు!"

"అవి డ్రైవర్ లేదని చెప్పే గుర్తులన్నయ్యా."

"నువ్వలా అనుకోవాలనే పెట్టారు, పిచ్చిదానా!"

ఇక దర్యాప్తు మొదలైంది. ఫోన్ లైటు వేసుకుని బల్ల కింద దూరాడు. ఒక చొక్కా గుండీ, రెండు రబ్బరు బ్యాండ్లు దొరికాయి. వేలిముద్రల కోసమని మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి కీబోర్డు మీద బోర్లించాడు. వేలిముద్రలు దొరికాయి. అన్నీ ఆయనవే.

"నా వేలిముద్రలు కూడా దొంగిలించాడు, దుర్మార్గుడు!"

మామూలు మనిషైతే ఇక్కడ సిగ్గుపడేవాడు. అన్నయ్య చరచరా వెళ్ళి ఎదురు వాటాలో ఉండే ఫొటోగ్రాఫర్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఆ పెద్దమనిషి చేతిలో టీ కప్పు ఇంకా అలాగే ఉంది.

"నిన్నటిదాకా మూగగా ఉన్న మీ ఇంట్లోంచి ఇవాళ పాటలు వినిపిస్తున్నాయి. ఇవాళే మా చెల్లెలి లాప్‌టాప్ మూగబోయింది. సంబంధం ఏమిటో మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"నిన్న నేను ఊళ్ళో లేనండీ."

"చూశావా చెల్లాయ్? ఎక్కడున్నావని అడక్కుండానే లేనంటున్నాడు!"

చెల్లెలికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఏమీ అనుకోకండి. మీ కంప్యూటరు ఒక్క గంట ఇవ్వగలరా?"

"అయ్యో, దానిదేముందమ్మా, ఇద్దును. కానీ దానికి కెమెరా లేదు."

ఫొటోగ్రాఫరు కంప్యూటరుకి కెమెరా లేదు! అన్నయ్య కళ్ళు మెరిశాయి. "అందుకే మాది ఎత్తుకుపోయావన్నమాట! ఉండు, నీ వాంగ్మూలం రికార్డు చేస్తాను."

తీరా చూస్తే, లైటు వేసి వేసి ఫోన్ కొనఊపిరితో ఉంది. వైరు తీసి ఫోన్ని లాప్‌టాప్‌కే తగిలించాడు. ఫోన్ మీద ఓ పెట్టె వచ్చి ఏదో అడిగింది.

అన్నయ్యకో అలవాటుంది. ఏ తెర ఏమడిగినా చదవకుండా నొక్కేస్తాడు. నిన్న లాప్‌టాప్ 'ఉన్నదంతా తుడిచెయ్యమంటావా?' అన్నప్పుడూ అలాగే నొక్కాడు. ఇవాళ ఫోన్ 'నా ఇంటర్నెట్ ఈ వైరు మీదుగా ఇమ్మంటావా?' అంది. నొక్కాడు. చదివుంటే ససేమిరా అనేవాడు. తన డేటా కన్నతల్లికి కూడా ఇవ్వని మనిషి మరి.

ఆ తరవాత గదంతా తిరుగుతూ ఉపన్యాసం అందుకున్నాడు. నేరప్రవృత్తి అన్నాడు, అంతర్జాతీయ కుట్ర అన్నాడు. ఫొటోగ్రాఫరు టీ చల్లారిపోయింది. ఈలోగా లాప్‌టాప్ మాత్రం, అందిన ఇంటర్నెట్‌తో తన డ్రైవర్లు తానే వెతికి తెచ్చుకుంటోంది. తెర ఒక్కసారి నల్లబడి వెలిగింది. గుమ్మడికాయలు అక్షరాలయ్యాయి. త్రికోణాలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఎక్కడో 'టింగ్' మంది.

చెల్లెలు లాప్‌టాప్ మీదికి వంగింది. వైరు చూసింది, ఫోన్ చూసింది, విషయం అర్థమైంది. నాలుగు కొడుతోంది. పైటతో పౌడరు తుడిచి బడి వాళ్ళు పంపిన లింకు గబగబా నొక్కింది. తెర మీద ముగ్గురు ప్రత్యక్షమయ్యారు. మధ్యలో కళ్ళజోడు పెట్టుకున్న హెడ్‌మిస్ట్రెస్.

"నమస్కారమమ్మా. మా మాట వినిపిస్తోందా?"

"ఈ గదిలో ఒక దొంగ ఉన్నాడు!" అని వెనకనుంచి అన్నయ్య గర్జించాడు.

హెడ్‌మిస్ట్రెస్ ఉలిక్కిపడింది. "ఎవరండీ?"

అన్నయ్య గిరుక్కున తిరిగి తెర వంక చూశాడు. "ఆహా! ముఠా నాయకులు! ముగ్గురూ దొరికారు!" భూతద్దం కెమెరాకి ఆనించాడు. అవతలివాళ్ళకి తెరంతా ఒకే ఒక్క కన్ను. "పారిపోయే దారి మూసేస్తాను!" అంటూ వైరు పీకడానికి చెయ్యి చాపాడు.

ఆ వైరు ఊడితే ఉద్యోగం ఊడినట్టే. చెల్లెలికి కోపం వచ్చింది. ఇన్నేళ్ళుగా రానిదంతా ఒక్కసారే వచ్చింది.

"అన్నయ్యా. చెయ్యి తియ్."

గట్టిగా అరవలేదు. కానీ అలాంటి గొంతు తనలో ఉందని ఆవిడకే తెలీదు. అన్నయ్య చెయ్యి తీసేశాడు.

"వెనక్కి వెళ్ళు. కుర్చీలో కూర్చో. చేతులు కట్టుకో. నోటి మీద వేలు."

"రెండూ ఒకేసారి ఎలా..."

"వేలు!"

వేలేసుకున్నాడు. ఎందుకైనా మంచిదని, కప్పు పక్కన పెట్టి ఫొటోగ్రాఫరు కూడా వేసుకున్నాడు.

చెల్లెలు భిన్నాల పాఠం చెప్పింది. ఎక్కడా తడబడలేదు. పాఠం అయ్యాక హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు సర్దుకుంది.

"క్లాసులో అల్లరి చేస్తే ఏం చేస్తారని చివర్లో అడుగుదామనుకున్నాం. అక్కర్లేదు లెండి. వెనకాల ఆయన ఇంకా వేలు తియ్యలేదు. సోమవారం నుంచి చేరండి."

తెర ఆరిపోయాక చెల్లెలు చాలాసేపు నవ్వింది, కాస్త ఏడ్చింది కూడా. అప్పుడు అన్నయ్య మెల్లగా చెయ్యెత్తాడు.

"ఏమిటి?"

"కేసు ఛేదించాను టీచర్... అదే, చెల్లాయ్. నా ఉపన్యాసానికి దడిసి ముఠా అంతా తెచ్చి అప్పగించేసింది."

అంతలో ఆయన ఫోన్ గుర్రుమంది. చూసి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "నా డేటా! మొత్తం ఖాళీ! పట్టపగలు దోపిడీ!" కొత్త కేసు పుట్టేసింది. ఫోన్ మీద మళ్ళీ ఓ పెట్టె ఏదో అడుగుతోంది. బొటనవేలు అలవాటుగా లేచింది.

చెల్లెలు ఆ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ముందు చదువు. పైకి చదువు."

అన్నయ్య గొంతు సవరించుకుని, బుద్ధిగా, మొదటి మాట నుంచి చదవడం మొదలుపెట్టాడు.