మూడు బుట్టలు, రెండు పిల్లులు

ఆ ఉదయం సులోచన వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. టిఫిన్లు కాగానే గులాబీరంగు గౌనుకు రెండో చెయ్యి అల్లి అతికించాలి. పన్నెండు లోపల వంట ముగించాలి. భోజనాలు కాగానే భర్తనూ మామనూ వెంటబెట్టుకుని హిందూపురం నుంచి ధర్మవరానికి కారులో బయలుదేరాలి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వదినగారింట్లో ఆమె మనవరాలిని ఉయ్యాల్లో వేసే తొట్టిల వేడుక. అక్కడ ఆ గౌను బిడ్డ ఒంటి మీద కళ్లారా చూసుకోవాలి. ఈ పథకంలో పిల్లుల ప్రసక్తి ఎక్కడా లేదు. ఆ సంగతి పిల్లులకు ఎవరూ చెప్పలేదు.

ఒక పని చేతిలో ఉండగానే ఇంకోటి మొదలుపెట్టడం సులోచన స్వభావం. ఫోనులో వీడియోలు చూసి స్వెట్టర్లు అల్లడం నేర్చుకున్నప్పటి నుంచి హాల్లో మూడు బుట్టలు వెలిశాయి. ఒకదాంట్లో భర్త శ్రీనివాసులుకని మొదలుపెట్టిన మట్టిరంగు స్వెట్టరు. పోయిన చలికాలం నుంచి దానికి చేతులు రాలేదు. రెండోదాంట్లో మామ తిమ్మయ్యకు నీలం మఫ్లరు. ఎక్కడ ఆపాలో తేలక అది పొడుగవుతూనే ఉంది. మూడోదాంట్లో గౌను. బుట్టల పక్కనే కరియ అనే నల్లపిల్లి, బుడ్డి అనే చారలపిల్లి పడుకునేవి. తిమ్మయ్య టీ బిస్కెట్లకు మరిగి వచ్చి ఆ ఇంట్లో స్థిరపడిన జీవులు అవి.

స్వెట్టరూ మఫ్లరూ ఎప్పుడైనా కావచ్చు, గౌను మాత్రం ఆరోజే కావాలి. దానికి కారణం వదిన లక్ష్మీదేవమ్మ. శ్రీనివాసులుకు స్వయానా అక్క. ధర్మవరంలో వాళ్లది పట్టుచీరల వ్యాపారం. రెండేళ్ల కిందట కూతురు ప్రత్యూష పెళ్లిలో ఆమె పెట్టిన చీరను చేతిలోకి తీసుకుని, నలుగురు ఆడవాళ్ల మధ్య సులోచన, "జరీ అసలుదేనా వదినా?" అని అడిగింది. అడగడం అమాయకంగానే అడిగింది. కానీ ధర్మవరంలో, చీరలు నేయించే ఇంట్లో, పెళ్లిపందిట్లో అడగవలసిన మాట కాదు అది.

ఆనాటి నుంచి లక్ష్మీదేవమ్మ ఆమెతో మాట్లాడలేదు. చెప్పవలసింది ఏదైనా ఉంటే తమ్ముడికి ఫోను చేసి "ఆయమ్మకు చెప్పు" అనేది. ఇప్పుడు ప్రత్యూషకు ఆడపిల్ల పుడితే తొట్టిలకు పిలుపు కూడా అట్లాగే వచ్చింది. తోడబుట్టినవాళ్లు లేని సులోచన కాపురానికి వచ్చినప్పటి నుంచి వదిననే అక్క అనుకుంది. ఆ "ఆయమ్మ" విన్నప్పుడల్లా ఆమె చేతిలో పని పక్కన పెట్టేసేది. ఈ గౌను చూసి వదిన ఒక్కసారి తనను పేరు పెట్టి పిలిస్తే చాలు, అంతకు మించి ఆమె ఏమీ కోరలేదు.

చివరి చెయ్యికి ఊలు చాలక కొత్త చిలప విప్పింది. చిలపను ఉండగా చుట్టాలంటే ఎవరో ఒకరు దాన్ని రెండు చేతులకూ తగిలించుకుని చాచి కూర్చోవాలి. ఆ ఉద్యోగం ఎప్పుడూ తిమ్మయ్యదే.

"కదలొద్దు మామా. ఈ రంగు బెంగళూరు నుంచి తెప్పించినా. తెగితే మల్ల యాడా దొరకదు."

"నేను యాడికి పోతానమ్మా" అన్నాడు తిమ్మయ్య, కుర్చీలో దేవుడి విగ్రహంలాగా కూర్చుని.

వంటింట్లో పప్పు మాడిన వాసన వచ్చింది. సులోచన అటు పరుగెత్తింది. ఆయన చేతుల మధ్య ఊగుతున్న గులాబీ దారాన్ని కరియ ఎంతసేపటి నుంచి గమనిస్తున్నదో, ఒక్క దూకు దూకింది. దాన్ని చూసి బుడ్డి బుట్టల మీద పడింది. మూడు బుట్టలూ బోర్లాపడ్డాయి. మూడు రంగుల ఉండలు నోట కరుచుకుని రెండు పిల్లులూ కుర్చీ చుట్టూ ప్రదక్షిణాలు మొదలుపెట్టాయి. కదలొద్దన్నారు కాబట్టి తిమ్మయ్య కదలలేదు. కోడలు తిరిగి వచ్చేసరికి ఆయన మడమల నుంచి మణికట్ల దాకా కుర్చీతో ఏకమై ఉన్నాడు.

"కత్తెర తెస్తే అయిపోతాది గదమ్మా?"

"కత్తెర మాట ఎత్తొద్దు మామా! ఊపిరి గూడా మెల్లగా పీల్చుకో" అని, మిగిలిన ఉండతో మంచం కిందికి దూరిన కరియను పట్టడానికి ఆమె లోపలి గదిలోకి పోయింది.

అప్పుడే పక్కనున్న బల్ల మీద ఫోను మోగింది. తిమ్మయ్య వంగి గడ్డంతో నొక్కాడు.

"నాయనా, బయలుదేరినారా?" ధర్మవరం నుంచి లక్ష్మీదేవమ్మ.

"యాడ బయలుదేరేదమ్మా? కుర్చీకి కట్టేసుంటే."

"కట్టేసినారా? ఎందుకు నాయనా?"

తిమ్మయ్య పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడినవాడు కాడు. అయితే అడిగినదానికి అడిగినంతే చెప్పడం ఆయన అలవాటు. "ఏం లేదులేమ్మా, దారాలే. కాళ్లు తిమ్మిరెక్కినాయి, అంతే. కత్తెర తెమ్మంటే సులోచన వద్దనింది. ఊపిరి మెల్లగా పీల్చుకోమనింది."

బుడ్డి ఎగిరి బల్ల మీదికి దూకింది. ఫోను కింద పడి ఆగిపోయింది.

లక్ష్మీదేవమ్మ వెంటనే తమ్ముడి అంగడికి ఫోను చేసింది. శ్రీనివాసులు చక్కెర తూకం వేస్తూ ఎత్తాడు. ఆమె చెప్పింది విని తేలికగా నవ్వాడు. "ఊలు చుట్టేదానికి కూర్చోబెట్టింటాది అక్కా. నాయన కదలకుండా ఉండేది దినామూ జరిగేదే."

"దినామూనా!" అంది లక్ష్మీదేవమ్మ. ఫోను పెట్టేసింది. తరవాత పెనుకొండలో ఉన్న పెదనాయన కొడుకు రామప్పకు చేసింది. బంధువుల్లో తగాదాలు తీర్చే పెద్దమనిషిగా రామప్పకు పేరుంది. "అన్నా, వాళ్లు మీ ఇంటి ముందరే వస్తారు. నిలబెట్టి మా నాయన ఒళ్లు ఒకసారి చూడు" అంటూ ఏడ్చింది.

ఇక్కడ సులోచన పరిస్థితి ఆ ఏడుపుకు తీసిపోలేదు. మామను ఎట్లాగో కుర్చీ నుంచి విడిపించింది గానీ, మూడు రంగులూ విడదీయలేనంతగా పెనవేసుకున్నాయి. సూదుల నుంచి కుట్లు జారి గౌనుకు ఉన్న ఒక్క చెయ్యీ ఊడిపోయింది. తెంపడానికి మనసొప్పక, చిక్కుపడ్డ స్వెట్టరు అంచునూ మఫ్లరు కొసనూ గౌనుతోనే కలిపి సూది మీదికి ఎక్కించుకుంది. శ్రీనివాసులు కారు నడుపుతుంటే, వెనక సీట్లో మామను పక్కన కూర్చోబెట్టుకుని, చిక్కు ఆయన ఒడిలో పోసి, దారి పొడుగునా అల్లుతూనే ఉంది. సోమందేపల్లి దాటేటప్పటికి మట్టిరంగు అంచు మీద నీలం నడుమూ, నీలం మీద గులాబీ మెడా లేచాయి.

పెనుకొండలో రామప్ప రోడ్డు మీదికి వచ్చి కారు ఆపాడు. టీ తాగిపొమ్మని తిమ్మయ్యను దింపి గంభీరంగా అన్నాడు. "ఏదీ, చేతులు చూపించు చిన్నాయనా."

తిమ్మయ్య చొక్కా చేతులు పైకి మడిచాడు. మణికట్టు మీద ఎర్రగా గీతలున్నాయి.

"ఇవేంది?"

"గోళ్లు తగిలినాయిలేప్పా. మన ఇంట్లోవేగదా, ఏమంటాం?"

రామప్ప ముఖం నల్లబడింది. ఇంతలో కారులోంచి సులోచన కేక వేసింది. "మామా, గట్టిగా లాగొద్దు! దారం నీ గుండీకి తగులుకోనుండాది. మెల్లగా ఇట్ల వచ్చి కూర్చో."

నిజమే. తిమ్మయ్య చొక్కా గుండీ నుంచి కారు కిటికీ దాకా గులాబీ దారం సాగి ఉంది. కోడలు ఆ కొస పట్టుకుని చుడుతూ ఉంటే, ముసలాయన బుద్ధిగా ఒక్కో అడుగూ వేసుకుంటూ పోయి కారెక్కాడు. టీ గ్లాసు రామప్ప చేతిలోనే ఉండిపోయింది. కారు కదలగానే ధర్మవరానికి ఫోను చేశాడు. "గీతలుండాయమ్మా. ఇప్పుడు గూడా దారం కట్టే తీసకపోతాండాది. నా కండ్లతో చూసినా."

ధర్మవరంలో గడప మీదే లక్ష్మీదేవమ్మ ఎదురైంది. తండ్రి చెయ్యి పట్టి లోపలికి లాక్కుని గీతలు చూసి ఘొల్లుమంది. పిల్లులు గీరాయని తిమ్మయ్య అప్పుడు చెప్పాడు, శ్రీనివాసులూ చెప్పాడు.

"పిల్లుల మీదకి తోసి ఆయమ్మను కాపాడతాండారు మీరు" అంది ఆమె. సులోచనను రమ్మనలేదు, పొమ్మనలేదు.

తన గురించి ఏమనుకున్నారో సులోచనకు అప్పుడు అర్థమైంది. తండ్రిలాంటి మనిషిని కట్టేసి కొట్టే ఆడదాన్ననుకున్నారా అని ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. గౌను తీసి చూసుకుంటే ఇంకో ఘోరం కనబడింది. పెనుకొండ గలాటాలో చేతుల కోసం వదలవలసిన రెండు సందులూ కలిపి కుట్టేసింది. కడుపు దగ్గర పిల్లలిద్దరు పట్టేంత వెడల్పు, పైకి పోయేకొద్దీ ఇరుకు. దాన్ని కాగితంలో చుట్టి తొట్టిల పక్కన పెట్టి, కనబడకుండా వెళ్లిపోదామని చెప్పులు వెతుక్కోసాగింది.

వేడుక నడిపిస్తున్నది లక్ష్మీదేవమ్మ అత్తగారు హనుమక్క. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం బిడ్డను తొట్టిల్లో వేయడానికి ముందు రుబ్బురోలు గుండును కడిగి, పసుపు పూసి, బట్ట తొడిగి, బిడ్డలాగే తొట్టిల్లో పడుకోబెట్టాలి. బిడ్డ గుండులాగా గట్టిగా బతకాలని. ముసలామెకు చూపు ఆనదు. గుండును ఒడిలో పెట్టుకుని చేతికందిన పొట్లం విప్పింది.

"ఇది ఎవురు తెచ్చినారే?" అంటూ గుండుకు తొడిగింది. గౌను కిందికంటా దిగింది. మట్టిరంగు గుండు అడుగున కూర్చుంది, నీలం నడుముకు పట్టింది, గులాబీ గుండు కొసను బిగించి పట్టుకుంది. ఎక్కడా ఒక ముడత లేదు. "నా ఎనభై ఏండ్లలో గుండుకు కొలత పెట్టి అల్లినోళ్లను చూడలా. చేతులు గూడా పెట్టలేదు చూడు, ఎంత తెలివైందో!"

గుండును తొట్టిల్లో పెట్టడానికి లక్ష్మీదేవమ్మ రెండు చేతులా ఎత్తుకుంది. దీపం వెలుగులో ఆగిపోయింది. చీరల ఇంటి ఆడది, నేత మీద చిన్న మరక ఉన్నా ఆమె కంట పడుతుంది. అల్లిక నిండా నల్లని వెంట్రుకలు. అక్కడక్కడా గోళ్లు లాగిన దారాలు, తండ్రి చేతి మీద గీతలున్నంత ఎడంతోనే. ఒక వెంట్రుక తీసి వెలుగుకు పట్టి చూసింది.

"ఇది పిల్లి ఎంటికే" అంది మెల్లగా. తండ్రి వైపు చూసింది. తిమ్మయ్య తలాడించాడు. ఆమె గుండును అట్లాగే ఎత్తుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. అక్కడ సులోచన ఒక చెప్పు తొడుక్కుని నిలబడి ఉంది.

"గుండుకు అల్లాలని నీకెవురు చెప్పినారు?"

అబద్ధమాడి గట్టెక్కే అవకాశం అది. సులోచనకు చేతకాలేదు. "గుండుకు కాదు వదినా. బిడ్డకే అల్లినా."

లక్ష్మీదేవమ్మ గుండును చూసింది, తొట్టిల పక్క ప్రత్యూష ఒడిలో ఉన్న పిడికెడు బిడ్డను చూసింది. మొదట భుజాలు కదిలాయి. తరవాత గుండును పక్కకు దించి, కొంగు నోట్లో కుక్కుకుని, గోడకు ఆనుకుని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. నవ్వుతూనే మరదలి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వదలలేదు.

"ఆ చెప్పు విప్పి లోపలికి రా సులోచనా. తొట్టిల తాడు నువ్వే పట్టాల."

సులోచన అందరి ముందూ ఏడ్చేసింది. ఆ పొద్దు తొట్టిల తాడు ఆమే ఊపింది. పాట కూడా ఆమే ఎత్తుకుంది.

ఇప్పుడు ధర్మవరం నుంచీ పెనుకొండ నుంచీ కూడా గౌన్ల కోసం సులోచనను వెతుక్కుంటూ జనం వస్తున్నారు. కొలతలకని ఇంతవరకూ ఒక్కరూ బిడ్డను ఎత్తుకు రాలేదు.