ఏతం బాబు సేవా వారం

గుల్లదిబ్బ గ్రామ ప్రజలకు తెలియజేయడమేమనగా, రాబోయే సోమవారం మొదలు ఆదివారం వరకు ఏడు రోజుల పాటు ఊళ్ళో ఎవరికీ ఏ లోటూ ఉండరాదు.

ఈ మాట ఊరి మైకులో మూడుసార్లు వినిపించింది. చదివినవాడు ఊళ్ళో ఇంగ్లీషు కూడా వచ్చిన జయకుమార్, చదివించినవాడు ఊరి పెద్దరికం చేసే ఊరికాపు రమణయ్య. దీన్ని దురాయి అంటారు. సముద్రం ఒడ్డు పాలేల్లో పెద్దలు కూర్చుని వేసే కట్టడి అది. కలెక్టరు గారి ఉత్తర్వునైతే గోడకంటించి మరిచిపోవచ్చు. దురాయి దాటినవాడు మాత్రం ఊరందరి ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి.

కారణం లేకపోలేదు. అమెరికాలో అయోవా అనే సీమ నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లవాడొకడు, దైవసేవకుడిగా తర్ఫీదు పొందుతూ, ఊరికి ఒక వారం సేవ చేయడానికి వస్తున్నాడు. ఇంటికొచ్చిన మనిషి ముందు చెయ్యి చాపడం మర్యాద కాదని పెద్దలు ఏకగ్రీవంగా తీర్మానించారు. మరి సేవ చేయడానికి వచ్చినవాడు ఏం చేసుకోవాలన్న సంగతి తీర్మానంలో లేదు. అతిథిని ఎవరూ ఏమీ అడగకూడదు. అతనే ఏం కావాలని అడిగితే, "మాకేం కావాల నాయనా, నువ్వు తిన్నావా?" అనాలి. బిందెలు మోసే ఆడవాళ్ళు రోడ్డు మీద కనపడకూడదు, సరుగుడు తోపు వెనక ఇసకదోవన పోవాలి. చర్చి పక్కన పడి ఉన్న పైపుల మీద టార్పాలిన్ పట్ట కప్పాలి. కాపు రమణయ్య తిరుపతి వెంకన్న భక్తుడు, పాస్టరు జడ్సన్ గారు ప్రభువు సేవకుడు. ఊరి పరువు దగ్గర ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. దీన్ని మత సామరస్యమని ఎవరూ గుర్తించకపోవడం విచారకరం.

ఆ పైపుల సంగతి మగ్దలీనమ్మను అడగాలి. ఆమెకు అరవై దాటాయి. చర్చి పక్క ఇల్లు, ఎండుచేపల బేరం. ఊళ్ళో బోరు నీళ్ళు ఉప్పు. ఆ నీళ్ళలో పప్పు ఉడకదు, మనిషి ఉడుకుతాడు. మంచినీళ్ళ కొళాయి మైలున్నర అవతల కాలువ వంతెన దగ్గర ఆగిపోయింది. అక్కణ్ణుంచి ఊళ్ళోకి వేయడానికి నాలుగేళ్ళ కిందట లారీలో పైపులు దిగాయి. కొబ్బరికాయ కొట్టారు, ఫొటో తీసుకున్నారు, వెళ్ళిపోయారు. అప్పటినుంచీ వాటిలో మగ్దలీనమ్మ కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. మంచినీళ్ళ శాఖ రికార్డులో 'పైపులు గ్రామానికి చేరినవి' అని ఉంది. పాపం, అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

తన గుమ్మం ముందు ఒక్క కొళాయి. దాని కింద బిందె పెట్టి, తను అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, అది నిండుతుంటే చూడాలి. మగ్దలీనమ్మకు ఉన్న కోరిక అదొక్కటే. ఎడమ మోకాలు మొరాయించడం మొదలుపెట్టాక ఆ కోరికకు తొందర కూడా వచ్చింది. అమెరికా పిల్లవాడు తన ఇంట్లోనే దిగుతున్నాడని తెలియగానే ఆమె పాస్టరు గారి దగ్గరికి పోయింది.

"ఆ అబ్బయ్య ఒక్క మాట రాస్తే మన కొళాయి వచ్చేస్తదంట గదా అయ్యగారూ?"

"దురాయి ఉండాది గదమ్మా. ప్రభువుకు చెప్పుకో. ఆయన ముందు దురాయి లేదు."

"ఆయనకు నాలుగేండ్ల నుంచి చెప్తానే ఉండా" అంది మగ్దలీనమ్మ.

సోమవారం పొద్దున్నే పిల్లవాడు దిగాడు. గడకర్రంత పొడుగు, ఎండకు రొయ్యలా ఎర్రబడ్డ మొహం, ఎవరు కనపడినా నవ్వు. పేరు ఈథన్. ఊరి నోట్లో పడి రెండు గంటల్లో అది ఏతం అయింది. ఏతం అంటే పూర్వం బావిలోంచి నీళ్ళు తోడే సాధనం. ఈ నామకరణం ఎంత సార్థకమైందో మగ్దలీనమ్మకు అతని మొదటి స్నానంతోనే తెలిసింది. ఉప్పునీళ్ళు పోసుకుంటే ఆ పాలనురుగు ఒళ్ళు పేలిపోదా? అతిథికి మంచినీళ్ళే పెట్టాలి. పూటకు రెండు బిందెలు, రోజుకు రెండు పూటలు. పిల్లవాడు మహా శుభ్రమైన మనిషి.

ఆ సాయంత్రమే సేవ మొదలైంది. మొదటి అంశం, చేతులు కడుక్కునే విధానం. అరవై మందిని వరసలో నిలబెట్టి, ఏడు మెట్లలో చేతులు ఎలా రుద్దుకోవాలో ఏతం బాబు నేర్పించాడు. జయకుమార్ ప్రతి మెట్టునూ తెలుగులో చెప్పాడు. మగ్దలీనమ్మ మనవరాలు స్వర్ణ నెల్లూరులో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు, సెలవు మీద వచ్చి ఉంది. దురాయి ప్రకారం ఆమె కూడా జీవితంలో మొదటిసారి సబ్బు చూసినంత శ్రద్ధగా నేర్చుకుంది. ఉత్తమ విద్యార్థినిగా ఆమెకు ఒక స్టిక్కరు దక్కింది. ఈ మహత్కార్యానికి పదిహేను బిందెల మంచినీళ్ళు అయ్యాయి. మంగళవారం నీటి పొదుపు గురించి పాఠం జరిగింది. దానికి పద్దెనిమిది అయ్యాయి.

బుధవారం ఏతం బాబు అలివి వల లాగడానికి ఒడ్డుకు పోయాడు. జాలరులు వలనూ లాగారు, అతన్నీ లాగారు. ఆ రోజు చేపలు తక్కువ పడినా అతను మాత్రం రెండుసార్లు పడ్డాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా మొహం మీద నవ్వు చెరగలేదు. ఇంటికొచ్చి, ఒంటినిండా ఇసకని, మూడు బిందెలు పోసుకున్నాడు.

ప్రతి సాయంత్రం అతను అరుగు మీద కూర్చుని ఒక ఫారం తీసేవాడు. అందులో ఏడో గడి ఉంది. 'ఈ గ్రామానికి అత్యవసరంగా కావలసినది ఏమి?' అది నింపకుండా తిరిగి పోకూడదని అతని సంఘం నిబంధన. జయకుమార్‌ను పక్కన పెట్టుకుని రోజూ మగ్దలీనమ్మను అడిగేవాడు. ఆమె నోట్లో 'కొళాయి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేది. ఎదురుగా రోడ్డు మీద రమణయ్య కండువా సర్దుకుంటూ అటూ ఇటూ తిరిగేవాడు. ఆమె ఆ మాటను మింగేసి, "మాకేం కావాల నాయనా, నువ్వు తిన్నావా?" అనేది.

"ఏమీ వద్దంట. మీరు తిన్నారా అని అడుగుతా ఉంది" అని జయకుమార్ ఇంగ్లీషులో చెప్పేవాడు.

ఏతం బాబు కళ్ళు చెమర్చేవి. ఏమీ లేని మనుషులకు ఏమీ అక్కర్లేదని వాళ్ళమ్మకు ఉత్తరం రాశాడట. గురువారానికి ఈ అనువాదం జయకుమార్‌కు ఎంత అలవాటైందంటే, మగ్దలీనమ్మ నోరు తెరవకముందే చెప్పేసేవాడు.

శుక్రవారం తెల్లారి దురాయికి గండి పడింది. ఏతం బాబుకు పరుగు తీసే అలవాటు ఉంది. రోడ్డున కుక్కలు తరుముతున్నాయని ఆ రోజు సరుగుడు తోపు వెనక్కి మళ్ళాడు. ఇసకదోవలో ఊరి ఆడవాళ్ళంతా ఎదురయ్యారు. నెత్తిన బిందె, చంకన బిందె. ముందు నడుస్తున్న మస్తానమ్మ అతన్ని చూసి నిలువునా కొయ్యబారిపోయింది. దురాయిలో ఈ సందర్భానికి ఏమనాలో చెప్పలేదు. ఆమె తన శక్తికొద్దీ ఊరి పరువు కాపాడింది.

"వాకింగ్ బాబూ, వాకింగ్!"

వెనకున్న ముప్ఫై మందీ బిందెలతో సహా తలలూపి, వాకింగే అన్నారు.

వరసలో చివర మగ్దలీనమ్మ కుంటుతూ వస్తోంది. ఏతం బాబు ఆమె నెత్తి మీది బిందెనూ, ఆమె మోకాలినీ మార్చి మార్చి చూసి, తన తడి జుట్టు తడుముకున్నాడు. పరుగుకు ముందే ఒక స్నానం అయింది మరి. ఆమె బిందె అందుకుని నెత్తిన పెట్టుకున్నాడు. మూడడుగులకు ఒకసారి అది ఒలికింది. చర్చి దగ్గరికి వచ్చేసరికి బిందెలో సగం ఉంది, మిగతా సగం అతని ఒంటి మీద ఉంది. గాలికి టార్పాలిన్ ఎగిరింది. కింద పైపులు, పైపుల్లో కోళ్ళు. అతను అక్కడే ఇసకలో కూలబడి, ఈ వారంలో ఎన్నిసార్లు నీళ్ళు పోసుకున్నాడో వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

మగ్దలీనమ్మ ప్రాణం ఉసూరుమంది. కొంగుతో అతని మొహం తుడిచింది. "ఏడవబాక నాయనా. నీ తప్పు ఏముండాది? లెయ్యి, లేసి ఇంత తిందువు గాని" అంది. ఇది ఏ దురాయీ చెప్పించిన మాట కాదు.

ఆ సాయంత్రం అతను జయకుమార్‌ను పిలవలేదు. ఏడో గడిలో తనే 'నీళ్ళు' అని రాశాడు. పక్కన పైపు బొమ్మ, దాని చివర కొళాయి బొమ్మ వేసి మగ్దలీనమ్మకు చూపించాడు. ఆమె అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, తల ఊపింది. తల ఊపడం అడగడం కిందికి రాదని ఆమె లెక్క. శని, ఆదివారాల్లో ఏతం బాబు నీళ్ళు పోసుకోలేదు. ఆదివారం చర్చిలో అతని పక్కన కూర్చున్నవాళ్ళు ఆ త్యాగాన్ని బాగా గుర్తించారు.

మూడు నెలల తర్వాత అయోవా నుంచి నూట ఇరవై పెట్టెలు వచ్చాయి. ఊరు ఊరంతా చర్చి ముందు చేరింది. మగ్దలీనమ్మ అందరికంటే ముందు నిలబడింది. పెట్టెల్లో కొళాయిలు లేవు. చిన్న చిన్న సీసాలున్నాయి. రెండు చుక్కలు వేసుకుని రుద్దుకుంటే నీళ్ళతో పని లేకుండా చేతులు శుభ్రమయ్యే మందట. గుల్లదిబ్బలో నీళ్ళు లేవని తెలిసి, ఆ సంఘం పెద్దలు కూర్చుని, అసలు నీళ్ళ అవసరమే లేకుండా చేయాలని తీర్మానించారు. మన పెద్దలే అనుకుంటాం గాని, పెద్దలు ఎక్కడైనా పెద్దలే.

అడుగున ఒక చీటీ ఉంది. జయకుమార్ చదివి చెప్పాడు. "అమ్మా, నేను నీళ్ళనే రాశాను. పైపని కూడా చెప్పాను. మా పెద్దలకు ఇలా అర్థమైంది. ఇక్కడ స్నానం చేసినప్పుడల్లా బిందెలు లెక్కపెడుతున్నాను. నీ మోకాలు ఎలా ఉంది?"

మగ్దలీనమ్మ ఆ చీటీని మడిచి బైబిల్లో పెట్టుకుంది. ఈసారి మాత్రం నోరు మూసుకునేది లేదని అప్పుడే నిశ్చయించుకుంది.

సీసాల పంపిణీ మహోత్సవానికి మంచినీళ్ళ శాఖ పెద్ద అధికారి నరేంద్రబాబు గారే స్వయంగా విచ్చేశారు. నీళ్ళు అక్కర్లేని వస్తువును మంచినీళ్ళ శాఖవారు పంచడంలోని ఔచిత్యం వేరే చెప్పనక్కర్లేదు. వచ్చినవారు అతిథే గనక, సభ ముగిసేదాకా పెద్దలు దురాయిని మళ్ళీ వేశారు.

"సోదర సోదరీమణులారా!" అన్నారు వారు. "ఎక్కడి అయోవా, ఎక్కడి గుల్లదిబ్బ! నీరు ప్రాణాధారం. అటువంటి నీటిని చేతులు కడగడానికి వృథా చేయకుండా ఈ గ్రామం దేశానికే ఆదర్శంగా నిలవబోతున్నది. ఈ గ్రామ నీటి సమస్య నేటితో శాశ్వతంగా పరిష్కారమైందని ప్రకటించడానికి గర్విస్తున్నాను. అమ్మా, ముందు నిలబడ్డ పెద్దమ్మా! ఇంకా ఏమన్నా కావాలా? మొహమాటం లేకుండా చెప్పు!"

మైకు మగ్దలీనమ్మ చేతికొచ్చింది. రమణయ్య కండువా సర్దుకోవడం ఆపేశాడు. ఆమె ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, ఊరంతా వినేలా చెప్పింది.

"కొళాయి కావాలయ్యా. పైపులు నాలుగేండ్ల నుంచి మా ఇంటి పక్కనే పడుండాయి. వంతెన కాడ్నుంచి మైలున్నర. మోకాళ్ళు అరిగిపోయినాయి. నేను బతికుండంగానే ఇప్పించండయ్యా."

నరేంద్రబాబు గారిది బుచ్చిరెడ్డిపాలెం. పుట్టిందీ, పెరిగిందీ, ఇంట్లో కసురుకునేదీ అంతా తెలుగులోనే. ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఫొటో తీసేవాడి వైపు తిరిగి చిరునవ్వుతో ఉన్నారు. అయిపోయాక పక్కనున్న జయకుమార్ వైపు వంగి, "ఏమంటోంది?" అని అడిగారు.

జయకుమార్‌కు ఏతం బాబు ఉన్న వారమంతా ఒక్కటే పని. ఎవరో పెద్దమనిషి ఏం కావాలని అడగడం, మగ్దలీనమ్మ ఏదో అనడం, తను చెప్పడం. నోరు దాని దారిన అది పోయింది.

"ఏమీ వద్దంట సార్. మీరు తిన్నారా అని అడుగుతా ఉంది."

నరేంద్రబాబు గారు కదిలిపోయారు. ఈ అమాయకత్వం, ఈ ఆప్యాయత పట్నాల్లో ఏదీ అని సభాముఖంగా గద్గదస్వరంతో అన్నారు. 'గ్రామస్థుల కోరికలు: లేవు' అని అక్కడికక్కడే రాయించి సంతకం చేశారు.

మర్నాడు మగ్దలీనమ్మ మీద దురాయి దాటిన నేరం విచారణకు వచ్చింది. ఊరంతా చెవులారా విన్నదే గనక రమణయ్య చిక్కులో పడ్డాడు. ఆమె అడిగినదాంట్లో తప్పేముందని అతనికీ లోపల అనిపిస్తూనే ఉంది. చివరికి నరేంద్రబాబు గారు సంతకం చేసిన కాగితం తెప్పించి చదివించారు. దాని ప్రకారం ఆమె ఏమీ అడగలేదు. కాబట్టి నిర్దోషి.

అసలు సంగతి మరిచాను. ఆ రోజు సభ కాగానే నరేంద్రబాబు గారు మగ్దలీనమ్మ ఇంట్లోనే భోంచేశారు. వంజరం చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకున్నారు. పక్కనే సీసా ఉన్నా, భోజనానికి ముందూ తర్వాతా చెంబులు చెంబులు పోయించుకుని చేతులు కడిగారు. తర్వాత ఆమె ఇచ్చిన గ్లాసు ఎత్తి గటగటా తాగి, ఇంకోటి అడిగి, తృప్తిగా మూతి తుడుచుకున్నారు.

"అబ్బ! నీళ్ళు ఎంత తియ్యగా ఉన్నాయమ్మా! మీకేం లోటు?"

మగ్దలీనమ్మ ఖాళీ బిందె చంకనెత్తుకుని, ఎడమ కాలు ఈడ్చుకుంటూ వంతెన దారి పట్టింది. దురాయి గడువు సభతోనే తీరిపోయింది గనక ఈసారి రోడ్డు మీదనే, అందరూ చూస్తుండగా పోయింది. అందరూ చూశారు కూడా.

ఇంత ఓపిగ్గా మీరూ చూశారు. ఆమెకు కావలసిందేమిటో అయోవా కుర్రాడి కంటే, బుచ్చిరెడ్డిపాలెం అధికారి గారి కంటే మీకే బాగా తెలుసు. సరే, అదలా ఉంచండి. మీరు తిన్నారా?