గొడుగులకు నాలుగు మార్కులు

ఈ సీజన్‌లో రాబోయే అనిమేలన్నిటి మీదా తీర్పులు వెలువడ్డాయి. ఇక అనిమేలు రావడమే తరువాయి.

తీర్పులిచ్చిన పత్రిక కార్యాలయం మూడో అంతస్తులో ఉంది. మెట్లెక్కి వెళితే ఎడమవైపు పళ్ళ డాక్టరు, కుడివైపు పత్రిక. రెండు చోట్లా జనం బుగ్గన చెయ్యి పెట్టుకునే కూర్చుంటారు. కుడివైపు గదిలో వరసగా బల్లలు, బల్లల మీద కంప్యూటర్లు, గోడల నిండా నీలం జుట్టుతో, గులాబీ జుట్టుతో కత్తులు ఝళిపించే పిల్లల పోస్టర్లు. జపాను బొమ్మల సీరియల్‌ని అనిమే అంటారనీ, అదే బొమ్మల పుస్తకంగా వస్తే మాంగా అంటారనీ తెలియని అమాయకులు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే, వారిని ఉద్ధరించడానికే ఈ పత్రిక అవతరించింది. సీరియల్ రాకముందు ప్రివ్యూ, వచ్చాక రివ్యూ. రెండూ ఇక్కడే, తాజాగా తయారవుతాయి.

ఈ మహత్కార్యంలో పత్రికకు మూలస్తంభం ఏడున్నరగారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది కానీ అది జీతం ఇచ్చే రోజున తప్ప ఎవరికీ అవసరం పడదు. ఏ సీరియల్‌కైనా పదికి ఏడున్నర మార్కులు వేస్తారు కనుక ఆ పేరు స్థిరపడింది. ఎనిమిది వేస్తే పొగిడినట్టు, ఏడు వేస్తే తిట్టినట్టు. ఏడున్నర వేస్తే ఎవరూ ఏమీ అనలేరు. ఏలినాటి శని కూడా ఏడున్నరేళ్ళ దగ్గర ఆగిందంటే ఏదో కారణం ఉండే ఉంటుంది.

ఏడున్నరగారి పద్ధతి విద్యార్థులు నేర్చుకోదగింది. ప్రివ్యూకి పోస్టరు చాలు. మాంగాకైతే అట్ట చాలు. రివ్యూకి ప్రివ్యూ చాలు. ప్రివ్యూలో "అలరించేలా ఉంది" అని ఉన్నచోట "అలరించింది" అని దిద్దితే రివ్యూ సిద్ధం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని వెనకటికి ఎవరో ఎగతాళి చేశారు గానీ, వాళ్ళకు పత్రిక నడిపిన అనుభవం లేదు. ఉద్యోగంలో చేరాక ఏడున్నరగారు ఒక్క అనిమే కూడా చూడలేదు. చూస్తే ఇష్టాయిష్టాలు కలుగుతాయి. ఇష్టాయిష్టాలు కలిగితే నిష్పాక్షికత ఏ గంగలో దూకాలి? ఒకప్పుడు, కుర్రతనంలో, ఒక చిన్న సీరియల్ చూసి వారం రోజులు అన్నం సయించక తిరిగిన మనిషే ఆయన. ఆ జబ్బు ఉద్యోగంతో నయమైంది.

అయితే అన్నిటికీ ఏడున్నరే వేస్తే పాఠకులకు అనుమానం వస్తుంది. అందుకని సీజన్‌కి ఒక సీరియల్‌ను ఎంచి దానికి నాలుగు మార్కులు వెయ్యడం పత్రిక ఆనవాయితీ. దాంతో పత్రిక ఎవరికీ భయపడదని లోకానికి తెలుస్తుంది. ఎంపికకు నియమం ఒక్కటే. తిట్టినా అడిగే దిక్కు లేనిదై ఉండాలి. అభిమాన సంఘాలున్న సీరియల్ జోలికి ఈ ధైర్యం ఎన్నడూ పోలేదు.

ఈ సీజన్‌లో ఆ భాగ్యం 'గొడుగులు బాగుచేయబడును' అనే సీరియల్‌కు దక్కింది. పోస్టరు మీద ఒక ముసలావిడ, ఒక ముక్కాలిపీట, వాన. కత్తి లేదు. రాక్షసుడు లేడు. ఆకాశంలో ఎగిరే బడిపిల్ల లేదు. ముసలావిడ జుట్టు తెల్లగా, అంటే మామూలుగా, ఉంది. ఏడున్నరగారు టీ చల్లారేలోపు తీర్పు రాశారు: "కథలో వేగం లేదు. పాత్రలు మనసుకు హత్తుకోవు. సంగీతం ఫర్వాలేదు. నాలుగు." పోస్టరులోంచి సంగీతం వినగల చెవి అందరికీ ఉండదు.

పాఠకులు కృతజ్ఞతతో పొంగిపోయారు. "నా సమయం కాపాడారు" అని ఒకాయన రాశాడు. అలా మిగిలిన సమయాన్నంతా వెచ్చించి, తాను చూడని సీరియల్ ఎంత చెత్తగా ఉందో కింద వివరంగా రాశాడు. ఆయనను సమర్థిస్తూ మరికొందరు, ఆయన మరీ మెతకగా తిట్టాడని ఇంకొందరు రాశారు. మిగతా పత్రికలు కూడా సొంతంగా ఆలోచించి నాలుగే వేశాయి. ఒకటి మాత్రం తన స్వతంత్రత నిలబెట్టుకుంటూ మూడున్నర వేసింది.

ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. తంటా ఇంట్లో వచ్చింది.

ఏడున్నరగారి అత్తగారు రిటైరైన లెక్కల టీచరు. కంటి ఆపరేషన్ అయ్యాక కూతురి ఇంట్లో ఉంటున్నారు. దూరాన బొమ్మలు కనిపిస్తాయి గానీ తెర కింద వచ్చే చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. అందుకని వారానికొక సాయంత్రం మనవరాలు పక్కన కూర్చుని ఆ అక్షరాలు పైకి చదువుతూ ఉంటే, ఆవిడ ఒక సీరియల్ చూస్తారు. ఏ సీరియల్ అన్నది ఏడున్నరగారు ఎన్నడూ అడగలేదు. ఇంటికొచ్చాక ఆఫీసు పని ముట్టుకోరు. ఆఫీసులోనూ ముట్టుకోరన్నది వేరే సంగతి.

ఒక వారం పిల్లకు గొంతు బొంగురుపోయింది. మాట్లాడకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. భార్యకు ఆసుపత్రిలో సాయంత్రం డ్యూటీ. పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి సోఫాలో కూర్చోబెట్టి, తెర వైపు వేలు చూపించింది. తెర మీద వాన. ముక్కాలిపీట. ముసలావిడ.

"మీకు శ్రమ అల్లుడుగారూ" అన్నారు అత్తగారు. "పిల్ల గొంతు బాగయ్యేదాకానే."

"దానికేముంది అత్తయ్యగారూ" అన్నారు ఏడున్నరగారు, ఉరికంబం ఎక్కే ముందు మర్యాదస్తులు అన్నట్టుగా.

మొదట రైల్వే ప్రకటన చదివినట్టు చదివారు. ముసలావిడ కొట్టుకు ఒక నడివయసు మనిషి పాత గొడుగు తెచ్చాడు. బట్ట మార్చాలన్నాడు. ఆవిడ విప్పి చూసి, ఒక పుల్ల విరిగింది, అదీ మారుస్తానంది. అతను కంగారుగా చెయ్యి అడ్డం పెట్టాడు. "దాన్ని ముట్టుకోకండి" అని చదివారు ఏడున్నరగారు. "అది మా తమ్ముడు విరిచింది." ఆవిడ తమ్ముడి సంగతి అడగలేదు. విరిగిన పుల్లను అలాగే వదిలి, దాని చుట్టూ కొత్త బట్ట కుట్టడం మొదలుపెట్టింది. వాన పడుతూనే ఉంది.

"చదవండి అల్లుడుగారూ, ఆగారేం?"

"అక్షరాలు తొందరగా పోతున్నాయి అత్తయ్యగారూ" అన్నారు ఏడున్నరగారు. తెర మీద ఆ సమయంలో అక్షరాలే లేవు.

పిల్ల గొంతు తర్వాతి వారానికి బాగయింది. అయినా చదవడానికి ఏడున్నరగారే కూర్చున్నారు. ఎవరూ పిలవలేదు. ముందు భాగాలు కూడా సెలవు పెట్టి మరీ చూశారు. కొట్లో ఒక కొక్కేనికి ఆకుపచ్చ గొడుగు వేలాడుతూ ఉండేది. ముసలావిడ రోజూ పొద్దున్నే దాన్ని దింపి, విప్పి, దుమ్ము దులిపి, మళ్ళీ తగిలించేది. అది ఎవరిదో ఆవిడ చెప్పదు, ఎవరూ అడగరు. అత్తగారు మాత్రం వారమంతా అదే ఆలోచించేవారు. "మొగుడిదయ్యుంటుంది" అనేవారు ఒకరోజు. "కాదు, అప్పిచ్చిన వాడిది" అనేవారు మర్నాడు. అల్లుడూ అత్తా గొడుగు గురించి వాదించుకోవడం చూసి ఏడున్నరగారి భార్య వీళ్ళకేమయిందోనని ఇద్దరి నుదుళ్ళూ ముట్టుకుని చూసింది. ఏడున్నరగారికి ఆ రోజుల్లో సంతోషంగా ఉండేది. పాత జబ్బు తిరగబెట్టింది.

ఆరో భాగం ముగిసేటప్పుడు కొట్టు గుమ్మంలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చి ఆకుపచ్చ గొడుగును చూపించింది. అంతే, అక్కడ ఆగింది. ఆ మర్నాడే నిర్మాణ సంస్థ ప్రకటన వెలువడింది. ఆదరణ లేనందున, మార్కులు అతి తక్కువగా ఉన్నందున, సీరియల్‌ను సగంలో నిలిపివేసే విషయం పరిశీలనలో ఉంది.

"ఎవడో నాలుగు మార్కులేశాడట, అల్లుడుగారూ" అన్నారు అత్తగారు. "వాణ్ణి చూసి మిగతావాళ్ళూ వేశారట. ఉద్యోగం చేసినన్నాళ్ళూ లెక్కల పేపర్లు దిద్దాను. జవాబు తప్పయినా దారి సరిగా ఉంటే మార్కులిచ్చాను. అంతేగానీ పేపరు విప్పకుండా సున్నా కూడా వెయ్యలేదు. ఎవడో వాడు, ఏ బళ్ళో చదివాడంటారు?"

"ఏమో అత్తయ్యగారూ" అన్నారు ఏడున్నరగారు.

"అక్కడ పేరు లేదమ్మమ్మా" అంది పిల్ల. పేరు ఉంది. ఫొటో కూడా ఉంది.

వంటింట్లో మంచినీళ్ళ దగ్గర తండ్రి ఒక్కడే దొరికినప్పుడు పిల్ల అడిగింది. "నాన్నా, ఆ నాలుగు నువ్వు మారిస్తే మారుతుందా?"

"మారుతుంది" అన్నారు ఏడున్నరగారు.

"ఒట్టు?"

"ఒట్టు."

కార్యాలయంలో అత్యవసర సమావేశం జరిగింది. నాలుగును తొమ్మిది చేయమని ఏడున్నరగారు కోరారు. సంపాదకుడు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"కారణం?"

"చూశానండి."

కుర్చీలు కిర్రుమన్నాయి. ఒక సహోద్యోగి తల దించుకున్నాడు. తన దగ్గరివాళ్ళలో ఇలాంటిది జరుగుతుందని అతను ఊహించలేదు.

"ఎవరి ప్రోద్బలం?"

"మా అత్తగారండి."

సంపాదకుడు లేచి నిలబడ్డారు. ఆ ప్రసంగం భావితరాల కోసం భద్రపరచదగింది.

"మిత్రులారా! ప్రివ్యూ అంటే మనం ఇచ్చిన మాట. రివ్యూ అంటే ఆ మాట మీద నిలబడటం. సీరియల్ బాగుండదని మనం ముందే చెప్పాం. చెప్పాక కూడా అది బాగుందంటే తప్పు ఎవరిది? సీరియల్‌ది. దాని తప్పుకు మనం ఎందుకు తల వంచాలి? ఇవాళ ఒకరు చూశారు. రేపు ఇంకొకరు చూస్తారు. అందరూ చూడటం మొదలుపెడితే రాసేదెవరు? అన్నిటికన్నా ముఖ్యం, చూసి రాసినదానికీ చూడకుండా రాసినదానికీ తేడా ఉంటుందని పాఠకుడికి ఒక్కసారి తెలిసిపోయిందనుకోండి, మన పాత సంచికలు ఏ మొహం పెట్టుకుంటాయి?"

చప్పట్లు మోగాయి. ఏడున్నరగారు ఎదురు చెబుదామని నోరు తెరిచారు. బల్ల చుట్టూ చూశారు. మూసుకున్నారు. చివరికి ఇరుపక్షాల గౌరవానికీ భంగం లేకుండా రాజీ కుదిరింది. ఏడున్నరగారు మనసులో ఉన్నదంతా రాసుకోవచ్చు. కింద నాలుగు మాత్రం కదలదు.

ఏడున్నరగారు రాశారు. విరిగిన పుల్ల గురించి, వాన గురించి, ఏమీ అడగని ముసలావిడ గురించి రాశారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన చూసి రాసిన మొదటి రివ్యూ అది. ఎక్కువమంది పాఠకులు ఆనవాయితీ ప్రకారం చివరి అంకె మాత్రం చూసి, నాలుగు ఇంకా నాలుగే ఉన్నందుకు తృప్తిపడ్డారు. పైన ఉన్నది చదివిన కొద్దిమందికి ఒళ్ళు మండింది. "ఇంత పొగడ్తా? ఎంతకు అమ్ముడుపోయాడో!" అన్నాడొకడు. చూడకుండా రాసినన్నాళ్ళూ ఆయన నిజాయితీని ఎవరూ శంకించలేదు. మరొకాయన ఆవేదన ఇంకా న్యాయంగా ఉంది. "మీరు చెప్పారనే కదా ఇన్ని వారాలు దాన్ని తిట్టాం. ఇప్పుడు బాగుందంటే మా పరువేం కావాలి?"

పాఠకుల పరువు నిలబడింది. సీరియల్ ఆగిపోయింది.

అది ఆగిందో లేదో దేశంలో దుఃఖం కట్టలు తెంచుకుంది. చచ్చినవాడి కళ్ళు చారెడు. మూడున్నర వేసిన పత్రిక, "మన కాలపు అపురూప కళాఖండం" అని నివాళి రాసింది. ఏడున్నరగారి పత్రిక ప్రత్యేక సంచిక తెచ్చింది. పేరు 'మంచి సీరియళ్ళను చంపుతున్నదెవరు?' సంపాదకుడు కన్నీళ్ళతో రాసిన ముందుమాటలో సమాజానికి అభిరుచి లేదని తేల్చారు. మార్కులు తొమ్మిదిన్నరకు పెంచారు. వరసగా పాఠకులందరూ నల్లగొడుగు బొమ్మను తమ ఫొటోగా పెట్టుకున్నారు. సమయం కాపాడినందుకు కృతజ్ఞతలు చెప్పుకున్న పెద్దమనిషి కూడా పెట్టుకున్నాడు. ఇంత దుఃఖంలోనూ మొదటి భాగం చూసినవారి సంఖ్య ఉన్నచోటే ఉంది. ఆ భాగం ఇప్పటికీ ఇంటర్నెట్‌లోనే ఉంది, కావలసినవారు చూడవచ్చు. చూడకుండానే ఏడవదలచినవారికి ఎలాగూ అడ్డు లేదు.

సీరియల్ వచ్చే సాయంత్రం వచ్చింది. అలవాటు కొద్దీ ముగ్గురూ సోఫాలో చేరారు. తెర మీద ఏమీ లేదు. పిల్ల అమ్మమ్మకు ప్రత్యేక సంచిక చదివి వినిపిస్తోంది. తండ్రి మొహం చూడటం మానేసి చాలా రోజులైంది. అత్తగారు నివాళులన్నీ ఓపిగ్గా విన్నారు.

"ఇంతమంది ఏడుస్తున్నారు. గొడుగు సంగతి ఒక్కరూ అడగరేమే?" అన్నారు.

"వాళ్ళెవరూ చూడలేదమ్మమ్మా."

అత్తగారు అల్లుడి వైపు తిరిగారు. గొంతులో కోపం లేదు. మార్కులు వేసేశాక పేపరు తిరిగి ఇచ్చే టీచరు గొంతు అది.

"పోనీ మీరు చెప్పండి అల్లుడుగారూ. చూడకుండా చెప్పడం మీకు అలవాటే కదా. ఆ ఆకుపచ్చ గొడుగు ఎవరిది?"

పిల్ల సంచిక మడిచి పక్కన పెట్టి, చాలా రోజుల తర్వాత తండ్రి మొహంలోకి చూసింది. వందల సీరియళ్ళను చూడకుండానే ముగించిన ఏడున్నరగారు ఆ ఒక్క గొడుగు దగ్గర ఒక్క వాక్యం కోసం వెతుక్కుంటూ చాలాసేపు కూర్చున్నారు.