ఇస్త్రీ పాటకు సన్మానం

మానవజాతి నిప్పును కనిపెట్టింది, చక్రాన్ని కనిపెట్టింది, ఆ తర్వాత చాలాకాలం ఊరికే కూర్చుని చివరికి శాలువాను కనిపెట్టింది. దాన్ని ఎవరికి కప్పాలన్నది మాత్రం ఇంకా పరిశోధనలోనే ఉంది. ఈ రంగంలో దుబాయ్ తెలుగువారు సాధించిన ప్రగతిని 'ఆత్మనాదం ఆడియో' వారి ముప్పయ్యో వార్షికోత్సవంలో కళ్లారా చూసే భాగ్యం నాకు కలిగింది. (ఉచిత పాసు. స్తంభం వెనక సీటు.)

ఆత్మనాదం చరిత్ర తెలియనివారికి ఒక మాట. దుబాయ్ కరామా పేటలో క్యాసెట్ల కొట్టు నడిపిన కడప ఖాదర్ హుస్సేన్, ఇళ్లలో పనిచేసే గోదావరి ఆడవాళ్లు శుక్రవారాలు ఒకచోట చేరి పాడుకుంటారని విని, 1994లో టేపురికార్డరు పట్టుకుని వాళ్ల గదికి వెళ్లాడు. తొమ్మిదిమంది పడుకునే ఆ గదే స్టూడియో. చప్పుడు టేపులో పడుతుందని పాటకు ముందు ఏసీ ఆపేవారు. ఆగస్టు నెల. ఏసీ మీట దగ్గర మంగాదేవి నిలబడేది. ఆవిడకు పాట రాదు కాబట్టి ఆ పదవి ఇచ్చారు. పాడింది గంగాభవాని. అరబ్బు యజమాని తొడిగే పొడుగాటి తెల్ల చొక్కాలు, కందూరాలు, ఇస్త్రీ చేస్తూ తనే కట్టుకున్న పాట. "తెల్ల సొక్కా మడత పెడితే నల్ల మబ్బు గుర్తుకొచ్చె" అని మొదలవుతుంది.

ఆత్మనాదం పాటలేవీ రెండున్నర నిమిషాలు దాటవు. (దీన్ని 'ఆత్మనాద సంక్షిప్త శైలి' అంటారని పండితులు టీవీలో వివరించారు. అంతకు మించితే గదిలో ఎవరో ఒకరికి కళ్లు తిరిగేవని గంగాభవాని వివరించింది, టీవీలో కాదు.)

క్యాసెట్టు అట్ట మీద గులాబీ పువ్వు బొమ్మ పెద్దది కావడంతో పేర్లకు చోటు చాలలేదు. క్యాసెట్టు సముద్రం దాటి కోనసీమ చేరింది. పాడింది నేనేనని గంగాభవాని అంటే సొంత చెల్లెలు విజయదుర్గే నమ్మలేదు. అప్పట్నుంచీ ఇంటిల్లిపాదీ ఆవిడను 'కోతల గంగ' అంటారు. నవ్వులాటకే అంటారు గానీ, ఆవిడకు బాధే.

అందుకని ఉత్సవం సంగతి తెలియగానే మంగాదేవిని వెంటబెట్టుకుని, కంపెనీ వారసత్వ సమన్వయాధికారి విక్రమ్ దగ్గరికి వెళ్లింది. (ఖాదర్ హుస్సేన్ పోయాడు. కంపెనీ చేతులు మారింది. కొత్తవాళ్లకు గులాబీ పువ్వు మాత్రం తెలుసు.)

"శాలువా వద్దండి, దండా వద్దండి. టీవీలో నా పేరొక్కటి సదవండి. మా సెల్లి టీవీ ముందు కూకుంటానందండి."

"తప్పకుండా అమ్మా," అన్నాడు విక్రమ్. "కాకపోతే సన్మానాలకి ఒక ఆర్డర్ ఉంటుంది. ప్లాటినం స్పాన్సర్లు, గోల్డ్ స్పాన్సర్లు, పార్కింగ్ పార్ట్‌నర్, కూలింగ్ పార్ట్‌నర్, తర్వాత ఇతరములు. కళాకారులు ఇతరముల్లో వస్తారు."

"అందులో నేనెక్కడండి?"

"మీరు వందన సమర్పణలో వస్తారమ్మా."

వందన సమర్పణ మొదలయ్యేసరికి తెలుగువారు బిర్యానీ వరుసలో ఉంటారన్న సంగతి గంగాభవానికి తెలియదు. మంగాదేవికి తెలుసు. "అప్పుడు టీవీ ఉంటదా బాబూ?" అని అడిగింది. సమయాన్ని బట్టి ఉంటుందని విక్రమ్ సెలవిచ్చాడు.

ఉత్సవం జెబెల్ అలీ దారిలో ఒక హోటల్ హాల్లో జరిగింది. ముఖ్యాంశం 'ఇస్త్రీ పాట పునఃసృష్టి', సినీ గాయని అల్మాస్ చేత. ప్రత్యక్ష ప్రసారంలో ఎవరూ ప్రత్యక్షంగా పాడరాదని ఛానెల్ నిబంధన. (పాడితే వినబడే ప్రమాదముంది.) కాబట్టి ఖాదర్ హుస్సేన్ పెట్టెలో దొరికిన అసలు టేపు వేసి, అల్మాస్ పెదవులు కదిపేలా ఏర్పాటు చేశారు. టేపును శుభ్రం చేస్తే అందులోని ఆత్మ పోతుందని నిపుణుల కమిటీ తేల్చడంతో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. చివరిదాకా వినలేదు కూడా.

గంగాభవాని, మంగాదేవి నా పక్కనే కూర్చున్నారు. వయసులో ఉన్నప్పటి తన గొంతు హాలంతా నిండుతుంటే గంగాభవాని కదల్లేదు. చేతులు మాత్రం ఒళ్లో చీర కొంగును మడతపెడుతున్నాయి. అది చూసి నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. (ఏసీ వల్ల కావచ్చు.)

పాట అయిపోయింది. అల్మాస్ గుండె మీద చెయ్యేసుకుని కళ్లు మూసుకుంది. టేపు మాత్రం ఆగలేదు. క్యాసెట్లు చేసేటప్పుడు ఖాదర్ హుస్సేన్ కాపీల్లోకి రాకుండా వదిలేసిన ముక్క ఒకటి అందులో మిగిలి ఉంది.

"ఖలాస్. ఒసే మంగా, ఏసీ ఎయ్యవే, సచ్చిపోతన్నాం."

వృత్తిధర్మం కొద్దీ అల్మాస్ పెదవులు ఆ మాటలకూ కదిలాయి, కాస్త ఆలస్యంగా. మంగాదేవి లేచి నిలబడింది. అలవాటు అలాంటిది. గోడ వెంబడి మీట కోసం వెతుక్కుంటూ వెళ్తుంటే సెక్యూరిటీ ఆపాడు.

"క్యా చాహియే అమ్మా?"

"ఏసీ ఎయ్యాలి. మా గంగ సెప్పింది."

వేదిక మీద యాంకర్ కళ్లు తుడుచుకుని, "ఎంత ఆర్తి, ఎంత లోతు," అంది. అల్మాస్‌కు ఒక శాలువా కప్పారు. కూలింగ్ పార్ట్‌నర్‌కు రెండు కప్పారు. ప్రసారం ముగిసింది. ఆ తర్వాత వందన సమర్పణలో విక్రమ్ మాట తప్పకుండా గంగాభవాని పేరు చదివాడు. అప్పటికి హాల్లో మిగిలింది మేమూ, కుర్చీలు ఎత్తేస్తున్న ఇద్దరూ. వాళ్లకు చప్పట్లు కొట్టడానికి చేతులు ఖాళీ లేవు.

"ఇన్నేళ్లకి టీవీలో నా నోట ఒక పేరొచ్చింది. అదీ నీ పేరే," అంది గంగాభవాని.

"మరి నువ్వే గదే పిలిచావు," అంది మంగాదేవి.

అప్పుడు ఫోన్ మోగింది. విజయదుర్గ. చెవి సరిగా వినబడదని గంగాభవాని స్పీకరు పెట్టింది.

"అక్కా, పాట సంగతి నాకు తెలవదు గానీ, ఆఖర్న ఆ కసురుడు మాత్రం నీదేనే. ఇంటిల్లిపాదీ గుర్తుపట్టాం. ఇన్నాళ్లూ నవ్వాం. ఏవనుకోకే."

గంగాభవాని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు ఆ పూట బిర్యానీ మీద మనసు పోలేదు.

మర్నాడు కంపెనీ పత్రికా ప్రకటన వెలువడింది. తొలితరం కళాకారుల అభ్యర్థన మేరకు కార్యక్రమం మధ్యలోనే హాలు ఉష్ణోగ్రతను రెండు డిగ్రీలు తగ్గించడమైనదనీ, దీనితో వారి కోరికలన్నీ నెరవేరినట్టు పరిగణించడమైనదనీ అందులో ఉంది.