మెనూలోకి ఎక్కని డబ్బా పిన్ని

మీరు నవ్వుతామంటే చెబుతాను. జాలి పడతామంటే మాత్రం వేరే కబుర్లు చెప్పుకుందాం.

మా ఆవిడ ఇరవై రెండేళ్ళు బస్టాండులో అనౌన్సరుగా చేసింది. ఊళ్ళో సగంమంది ఆవిడ చెప్పిన ప్లాట్‌ఫారం మీదికే పరిగెత్తేవాళ్ళు. ఇంట్లో నేనూ అంతే. మూడు నెలల క్రితం గొంతుకి ఆపరేషనైంది. కణితితోపాటు మాటా పోయింది.

అప్పట్నుంచీ పలకా, చాక్‌పీసూ. మామూలు సంగతైతే చిన్న అక్షరాలు, కోపమైతే పెద్దవి. చాక్‌పీసు విరిగితే అరిచిందని అర్థం. ఇన్నేళ్ళకి గొడవల్లో గెలిచే వీలు చిక్కింది నాకు, మొహం తిప్పుకుంటే చాలు. ఒక్కసారే తిప్పుకున్నాను. ఆవిడ పలక పట్టుకుని ఎదురుగా రాలేదు, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ గెలుపు నాకు మళ్ళీ వద్దనిపించింది.

ఆపరేషన్‌కి ముందురోజు ఆవిడ స్నానాలగదిలో కుళాయి విప్పుకుని అరగంట ఉండిపోయింది. ఏడుస్తోందనుకున్నాను. ధైర్యం చెబుదామని వెళ్ళి తలుపు కొట్టి, తీరా నోరు తెరిచి, "ట్యాంకు ఖాళీ అయిపోతోంది" అన్నాను. ధైర్యం చెప్పడంలో నా ప్రతిభ అంతమాత్రమే.

అంతకు వారం ముందు ఇంకో ఘనకార్యం చేశాను. ఫోన్‌లో చోటు లేదని పాత వాయిస్ మెసేజీలన్నీ చెరిపేశాను. "వచ్చేటప్పుడు సబ్బులు తెండి" లాంటివి, నాలుగేళ్ళవి. మాట పోతుందని డాక్టరు అప్పటికింకా చెప్పలేదు. బస్టాండు మైకులో చెప్పినవీ ఎవరూ దాచలేదు, ఇప్పుడు ఆవిడ గొంతు ఎక్కడా లేదు. ఆ సంగతి ఆవిడ కనిపెట్టేలోగా ఇంట్లో ఏదో ఒక గొంతు పెట్టేయాలని నా పథకం.

టైపు చేసింది పైకి చదివే అప్లికేషన్ ఒకటి దొరికింది. మా పాత కంప్యూటర్లో ఉన్నది విండోస్ కాదు, లినక్స్. దాని స్టోరులో ఈ అప్లికేషన్ లేదు గనక జిప్ ఫైలు తెచ్చి చేత్తో పెట్టాను. పలికింది. రేకుడబ్బాలో కూర్చుని ఎవరో పిన్నిగారు మాట్లాడుతున్నట్టుంది. డబ్బా పిన్ని అని పేరు పెట్టాను. తెరవగానే చదివేలా ఒక వాక్యం దాచుకోవచ్చంటే, ముందుచూపుతో "మీరు చెప్పిందే నిజం" అని దాచాను.

చిక్కల్లా పిన్నిని పిలవడంలో వచ్చింది. ఇలా చేత్తో పెట్టింది మెనూలో, అంటే తెరమీది ప్రోగ్రాముల జాబితాలో, కనబడదు. ప్రతిసారీ టెర్మినల్ అనే నల్లకిటికీ తెరిచి మూరెడు ఆదేశం టైపు చెయ్యాలి.

"మొగుణ్ణి ఒక మాటనడానికి కంప్యూటర్‌కి అర్జీ పెట్టుకోవాలా?" అని రాసింది మా ఆవిడ.

"రేపటికల్లా మెనూలో పెట్టేస్తాను. ఒక్క నొక్కు చాలు."

"మీ రేపులు నాకు తెలుసు."

మెనూలోకి ఎక్కాలంటే చిన్న ఫైలొకటి రాయాలి. పేరు, ప్రోగ్రాం ఎక్కడుందో ఆ దారి, ఐకాన్, ఏ విభాగమో. దాన్ని అందుకోసమే ఉన్న ఫోల్డరులో వెయ్యాలి. ఆవిడ స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది.

మొదటిరోజు మెనూలో ఏమీ కనబడలేదు. ఫైలు వేరే ఫోల్డరులో వేశాను.

రెండోరోజు కనబడింది, ఆటల విభాగంలో. చదరంగం ఫైలు చూసి కాపీ కొట్టాను మరి.

"నా గొంతు మీకు ఆటగా ఉందా?" చాక్‌పీసు విరిగింది.

మూడోరోజు నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. దారి రాసేటప్పుడు మా ఫోల్డరు పేరుకి బదులు పొట్టిగా ఒక వంకర గీత (~) కొట్టాను. ఆ పొట్టిపేరు నల్లకిటికీకి తెలుసుగానీ మెనూకి తెలియదట. పూర్తి చిరునామా రాశాను. పాత కంప్యూటర్ గదా, వెంటనే కదల్లేదు. మళ్ళీ నొక్కాను. ఇంకా నొక్కాను. చివరికి పదిమంది పిన్నులు ఒక్కసారిగా లేచి, "మీరు చెప్పిందే నిజం" అని బృందగానం మొదలెట్టారు. పైవాటా వాళ్ళు వచ్చి తలుపు కొట్టారు.

మా ఆవిడ భుజాలు అదిరేలా నవ్వింది. చప్పుడు లేని నవ్వు. అది చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. తర్వాత చిన్న అక్షరాలతో రాసింది.

"ఈవిడ నేను కాదండీ."

కంప్యూటర్ కట్టేశాను.

మర్నాడు నా కళ్ళజోళ్ళ దుకాణం నుంచి వచ్చి, టీ పెట్టుకుని తాగి, పిన్నిని తీసేద్దామని కూర్చున్నాను. మెనూలో కొత్త పేరొకటి ఉంది, "ఏవండీ" అని. ఐకాన్ కుళాయి బొమ్మ. సరైన విభాగంలో, ఏ వంకా లేకుండా. నొక్కాను.

నీళ్ళ చప్పుడు. ఆ చప్పుడు మధ్య ఆవిడ గొంతు, బస్టాండులో వినబడిన అదే గొంతు.

"ఏవండీ, గ్యాస్ కట్టేశారా? ఏవండీ, గొడుగు తీసుకెళ్ళండి. ఏవండీ..."

తలుపు దబదబా కొట్టిన శబ్దం. "ట్యాంకు ఖాళీ అయిపోతోంది." అది నా గొంతు.

వెనక్కి తిరిగితే ఆవిడ పలకతో నిలబడి ఉంది. ముందే రాసి పెట్టుకుంది.

"మీరు మెసేజీలు చెరిపేస్తుంటే చూశాను. అందుకే రికార్డు చేసుకున్నాను. వినే ధైర్యం ఇప్పటిదాకా రాలేదు. మెనూలో పెట్టడం మీ తప్పులు చూసి నేర్చుకున్నాను."

క్షమించమని అడగాలి.

"గ్యాస్ కట్టేశాను," అన్నాను.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి చూసి వచ్చింది. పలక జోలికి పోలేదు. నా భుజం మీదుగా చెయ్యి చాచి, మళ్ళీ కుళాయి బొమ్మ నొక్కింది.

"ఏవండీ, గ్యాస్ కట్టేశారా?"

కళ్ళు తుడుచుకుంటూ లేచి వెళ్ళి కట్టేశాను.