నత్త గీసిన రోగపటం

ఒక పెద్ద అడవిలో గొర్రెలకీ దుప్పులకీ దవడల కింద నీరు దిగి, సంచుల్లా వేలాడడం మొదలైంది. కార్జంలో జలగలు చేరాయని వైద్యుడు కొండముచ్చు తేల్చాడు. మందు సంగతి ఎవరూ అడగలేదు. రాజుగారైన ఏనుగు వెంటనే సభ పెట్టించారు.

"రోగం ఎక్కడెక్కడ ఉందో తెలియకుండా మందేమిటి ప్రభూ! ముందు పటం గీయించాలి," అన్నాడు మంత్రి నక్క.

సర్వే ఉద్యోగం నత్తకిచ్చారు. తొందరపడే రకం కాదు, ప్రతి మడుగులోనూ దిగి చూస్తాడు, పైగా నడిచినంత మేరా గీత దానంతటదే పడుతుంది. ఇంక కలం కూడా అక్కర్లేదని సభ చప్పట్లు కొట్టింది.

పటం అద్భుతంగా వచ్చింది. నత్త దిగిన ప్రతి మడుగు దగ్గరా రెండు నెలలు తిరక్కుండానే రోగం దొరికింది. ఎర్రచుక్కలు పెట్టీ పెట్టీ నక్క చెయ్యి నొప్పి పుట్టింది.

ఎగువ లోయలో బొల్లి అనే గొర్రె ఉండేది. ఆమెకి ఇద్దరు పసిపిల్లలు. అక్కడి ఊటనీళ్ళు తాగినవాళ్ళెవరికీ దవడ వాచలేదు. దిగువ మడుగు దగ్గరుండే చెల్లెలు మచ్చకి మాత్రం వాచింది. బొల్లికి అనుమానం వచ్చి బాతుని అడిగింది.

"ఆ కార్జం జలగలు పెరిగేదే నత్త కడుపులో కదే పిచ్చిదానా! నీళ్ళలో దిగినప్పుడల్లా వదిలేసి వస్తాడు. ఎన్ని నత్తల్ని మింగానో, నాకు తెలీదూ?" అంది బాతు.

బొల్లి పరుగున నక్క కార్యాలయానికి వెళ్ళింది.

"అయ్యా, మా ఊటకి సర్వే వద్దండి. నత్తగారు వెళ్ళిన చోటల్లా రోగం వస్తోందండి."

నక్క కళ్ళు మెరిశాయి. "అంటే మా పటం ఒక్కచోట కూడా తప్పలేదంటావు! ఏదీ, ఆ ముక్కే రాయించి కాలిముద్ర వెయ్యి."

"నా పిల్లలు చచ్చిపోతారయ్యా!"

"పటంలో మీ లోయ ఒక్కటే తెల్లగా మిగిలింది. రాజుగారు చూస్తే నన్ను తొండంతో విసిరేస్తారు. నత్త నిన్ననే బయల్దేరాడు, వెళ్ళు."

నత్త బయల్దేరాడంటే ఇంకా పది రోజులు వ్యవధి ఉన్నట్టే. బొల్లి తిరిగొచ్చి, బాతు కాళ్ళావేళ్ళా పడి ఊట దగ్గర కాపలా పెట్టింది. పదకొండో రోజు పొద్దున్నే నత్త రొప్పుతూ వచ్చి "సర్వే..." అన్నాడు. మిగతా మాట వినకుండానే బాతు మింగేసింది.

సభ గగ్గోలెత్తింది. అడవంతా తిరిగి క్షేమంగా ఉన్న ఉద్యోగి ఆ లోయలో అడుగుపెట్టగానే మాయమయ్యాడంటే, అక్కడ ఎంత భయంకరమైన రోగం ఉండాలి! నక్క మిగిలిన ఎర్రరంగంతా తెచ్చి లోయ మీద కుమ్మరించాడు. లోపలివాళ్ళు బయటికి రాకూడదు, బయటివాళ్ళు లోపలికి పోకూడదు, అందరూ సర్వే పూర్తయిన మడుగుల్లోనే నీళ్ళు తాగాలి అని చాటింపు వేయించారు. లోయ చుట్టూ ముళ్ళకంచె వేశారు.

మర్నాడు మచ్చ కంచె దగ్గరికొచ్చి నిలబడింది. దవడ కింద సంచి బరువుకి తల ఎత్తలేకపోతోంది.

"కంచె దూరి వచ్చెయ్యవే! ఈ నీళ్ళు మంచివే, నా తల్లీ, ఒక్కసారి నా మాట వినవే!" అని బొల్లి భోరుమంది.

"ఊరుకో అక్కా, పిల్లలకి ధైర్యం చెప్పుకో," అని మచ్చ కూడా ఏడ్చింది. "పటంలో చూశాను. మీరింక ఎన్నాళ్ళో బతకరట."

ఏడ్చి ఏడ్చి గొంతెండిపోయి, దిగువ మడుగు వైపు నడిచింది.

నీతి: ఆరోగ్యంగా బతకాలనుకునేవాళ్ళు సర్కారు నిషేధించిన నీళ్ళే తాగాలి.