గాలి రాకపోకల విభాగం

మానవజాతి పుట్టిన నాటి నుంచీ గాలిని అనుమతి లేకుండానే వాడుకుంటోంది. ఈ అరాచకానికి స్వస్తి పలకడానికే గాలి రాకపోకల విభాగం వెలసింది. (మనుషుల వంతు ఇంకా రాలేదు. ప్రస్తుతానికి బొమ్మ విమానాలతో సరిపెట్టుకుంటున్నారు.)

ఈ సంగతి దర్జీకి విమానం పూర్తయ్యాక గానీ తెలియలేదు. మూడు నెలలపాటు తీరిక దొరికినప్పుడల్లా అతను చిన్న జెట్ విమానం కుట్టాడు. కుట్టాడనే అనాలి. దాని పొట్టలో ఒక గొట్టం, గొట్టం మధ్యలో ఫ్యాను. ముందు నోటితో గాలి లాగి, వెనక తోకలోంచి తోసేస్తుంది. ఆ గొట్టం చెయ్యలేకే చాలామంది ఈ సరదా మానుకుంటారు. దర్జీ మాత్రం ఒక్క చూపు చూసి, "ఇది చొక్కా చెయ్యేగా! భుజం దగ్గర వెడల్పు, మణికట్టు దగ్గర ఇరుకు" అన్నాడు. పల్చటి ప్లాస్టిక్ షీటు మీద సుద్దతో గీసి, కత్తిరించి, లోపల అతుకు గోటికి కూడా తగలనంత నున్నగా అంటించాడు.

ఆదివారం మైదానంలో బొమ్మ విమానాల పోటీ. బావమరిది ముందే కూశాడు: "బావా, నువ్వు కుట్టిన ప్యాంటు నడుం మీదే నిలవదు, విమానం గాల్లో నిలుస్తుందా?"

పరువంతా ఆ గొట్టంలో పెట్టుకుని దర్జీ అనుమతి కోసం విభాగం ఆఫీసుకెళ్లాడు.

"లోపలికొచ్చే గాలి ఎక్కణ్నుంచి వస్తోంది?" అడిగాడు ప్రవేశ గుమాస్తా.

"బయట్నుంచండీ."

"బయటంటే? చిరునామా రాయాలి."

దర్జీ తన కొట్టు చిరునామా రాశాడు. పక్క కిటికీలో నిష్క్రమణ గుమాస్తా కళ్లజోడు సర్దుకున్నాడు. "వచ్చిన గాలే పోతోందని నమ్మకమేంటి?"

"మధ్యలో ఎవరూ దిగరండీ."

ఆ జవాబు తృప్తికరంగా ఉన్నట్టు నమోదైంది. అప్పుడు ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, ధ్రువీకరణకు గుర్తుగా విమానం నోటికి అడ్డంగా మందపాటి సీలు కాగితం అంటించారు. చిరిగితే విమానం జప్తు.

"మరి గాలెలా పోతుందండీ?"

"పోవచ్చని సర్టిఫికెట్ ఇచ్చాం కదయ్యా!"

ఇంట్లో దర్జీ తల పట్టుకుని కూర్చుంటే భార్య ఉల్లిపాయ తరుగుతూనే అడిగింది. "ఏమండీ, చంకలో బిగుతుగా ఉందంటే మీరేం చేస్తారు?"

"చిన్న చీలిక పెడతా..."

అంతే. కత్తెర తీసుకుని, ఫ్యానుకు కాస్త ముందు విమానం పొట్ట కింద చీలిక పెట్టాడు. ఫ్యాను హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఆదివారం విమానం రివ్వున లేచింది. బావమరిది ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. "అమ్మో, బావ సామాన్యుడు కాడు!" అన్నాడు. దర్జీ భార్య చప్పట్లు కొట్టింది.

పోటీ పర్యవేక్షణకు వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు తలెత్తలేదు. విమానం బయల్దేరే ముందు తాను పరీక్షించిన సీలు గురించి రిజిస్టరులో రాసుకుంటున్నారు: "సీలు చెక్కుచెదరలేదు. గాలి ప్రవేశించలేదు. కావున విమానం ఎగరలేదు." ఆ వాక్యం మీదుగా విమానం నీడ రెండుసార్లు వెళ్లింది.

నాలుగో నిమిషంలో దర్జీ రిమోటుతో పరుగెత్తుకొచ్చాడు. పోటీ నిబంధన ప్రకారం విమానం దించాలంటే ఇన్‌స్పెక్టరు గారి సంతకం కావాలి.

"సార్, బ్యాటరీ అయిపోతోంది! దించడానికి సంతకం పెట్టండి!"

ఆయన కలానికి మూత పెట్టి, చాలా దయగా అన్నారు.

"ఎగరనిదాన్ని ఎక్కణ్నుంచి దించుతావయ్యా?"